పదిహేడో నంబరు స్వామి

చచ్చిపోయిన కోతిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీశారు. నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండ, ఒళ్లో కొబ్బరికాయ. ఆ ఫొటోతో ఆరడుగుల ఫ్లెక్సీ చేయించి గట్టు ఊరి మొదట్లో కట్టారు. 'ఆంజనేయస్వామి స్వరూపానికి కన్నీటి వీడ్కోలు' అని పైన పెద్ద అక్షరాలు. కింద వరుసగా పదకొండు మంది పెద్దమనుషుల ముఖాలు, ఒక్కొక్కరూ ఎన్నికల్లో నిలబడ్డంత గంభీరంగా ఉన్నారు.

డిటెక్టివ్ సాబిర్ ఆ పెద్దమనుషుల జోలికి పోలేదు. ఫ్లెక్సీకి జానెడు దూరంలో నిలబడి, కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ కోతి రొమ్మునే చూస్తున్నాడు. దండ కాస్త పక్కకు తొలగిన చోట, పలచబడ్డ వెంట్రుకల కింద నీలి పచ్చబొట్టు కనిపిస్తోంది. ఆర్-17.

"చూసిండ్రా సార్?" అంది పక్కనున్న యమున. "నేను అబద్ధం చెప్తలేనని ఇప్పుడన్న నమ్ముతరా?"

"నమ్మకపోతే పొద్దుగాల చాయ్ గూడ తాగకుండ వనపర్తి నుంచి ఈడిదాంక ఎందుకొస్త బేటీ?"

సాబిర్ వాచీ చూసుకుని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. మంగళవారం, తొమ్మిదిన్నర. ఇరవై రెండేళ్ల పోలీసు కొలువులో హెడ్ కానిస్టేబుల్ దాటి పైకి పోలేదు గాని, గడియారం చూసి రాసుకునే అలవాటు మాత్రం ఒంటికి పట్టింది. ఇప్పుడు వనపర్తిలో ఒక బట్టల దుకాణం మీది గదిలో ఆఫీసు. ఎక్కువగా వచ్చేవి పెళ్లి సంబంధాల వాకబులే. ఈ రోజు పొద్దున ఏడింటికి మెట్లెక్కి వచ్చిన యమున మాత్రం అబ్బాయి గుణగణాలు అడగలేదు. "ఊరంత ఒక కోతిని ముట్టుకున్నది సార్. దాన్నుంచి ఎవలికన్న అంటుకుంటే నేనేం జేతు?" అని ఏడ్చింది.

ఆమెది ఈ ఊరే. వనపర్తి శివార్లలో బోర్డు లేని ఒక పరిశోధన సంస్థ ఉంది. జనం దాన్ని కోతుల కంపెనీ అంటారు. అక్కడ రెండేళ్లు కోతులకు తిండి పెట్టి, బోన్లు కడిగి, సూదులప్పుడు పట్టుకునే పని చేసింది. ఉన్నవి ఇరవై నాలుగు కోతులు. హెచ్ఐవీకి కొత్త టీకా తయారవుతోంది. పదహారింటికి ఆ టీకా, మిగతా ఎనిమిదింటికి ఉత్త నీళ్ల సూది. ఆ తర్వాత అన్నింటికీ వారం వారం కొద్దికొద్దిగా వైరస్ ఎక్కించి, టీకా కాపాడుతుందో లేదో చూస్తారు. ఆ వైరస్ కూడా అడవిలో పుట్టింది కాదు. కోతి వైరస్‌కు మనిషి వైరస్ పైతొడుగు తొడిగి లేబొరేటరీలో చేసింది. మనిషికి సోకే అవకాశం చాలా తక్కువ. తక్కువంటే లేదని కాదు. అందుకే అక్కడ గోడ మీద ఎర్రక్షరాలతో రాసి పెట్టారు: పన్ను గాటు పడితే డెబ్బై రెండు గంటల్లోగా మందులు మొదలుపెట్టాలి.

కోతి గట్టుకు వచ్చింది శనివారం సాయంత్రం ఆరింటికి. చచ్చిపోయింది ఆదివారం పొద్దున. అది ఎవరినైనా కొరికి ఉంటే, ఆ మనిషికి ఈ రోజు సాయంత్రం ఆరుదాకా ఖాయంగా గడువుంది. ఆ తర్వాత మందులేసినా లాభం ఉంటుందన్న హామీ లేదు.

"కొరికిందా?" అని సాబిర్ పద్నాలుగు ఇళ్లలో అడిగాడు. పద్నాలుగు ఇళ్లలోనూ అతన్ని పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు.

పదిహేనోది యమున ఇల్లే. ఆమె తండ్రి బాలన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సాబిర్‌కు అదే వింతగా తోచింది. మూడెకరాల్లో విత్తనం కోసం సీడు పత్తి వేసిన రైతు. పొద్దుటి పూట పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దే రోజులివి. ఈ నెలన్నరలో గద్వాల చుట్టుపక్కల సీడు రైతు పదకొండింటికి ఇంట్లో దొరకడమంటే ఇంట్లో పెళ్లో చావో ఉండాలి. బిడ్డ వస్తోందని ఆగాడేమో అనుకున్నాడు.

బాలన్న లేచి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఎడమచేత్తో ఇచ్చాడు. కుడిచేయి భుజం మీది ఎర్ర తువ్వాల కింద ఉంది.

సాబిర్‌కు మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చిన మనిషికి ఎడమచేత్తో నీళ్లివ్వడం ఈ ఊళ్లలో ముఖాన కొట్టినంత పని. తను సాయిబునని ఈ పెద్దాయనకు పట్టింపు కాబోలనుకున్నాడు. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. నీళ్లు తాగకుండానే చెంబు పక్కన పెట్టాడు.

"నాకు జర పనున్నది. ఇయ్యాల మంగళారం, మొక్కు తీర్చాలె," అని బాలన్న వాళ్లిద్దరి ముఖాలూ చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. యమున అది పట్టించుకోలేదు. ఆమె కళ్లు మేనత్త జమ్ములమ్మ మీదే ఉన్నాయి. చచ్చిన కోతికి పసుపునీళ్ల స్నానం చేయించింది జమ్ములమ్మే.

"ఉత్త చేతులతోనేనా?" అడిగాడు సాబిర్.

"స్వామికి తానం జేపియ్యనీకె చేతులకు సంచులు తొడుక్కుంటరా?" అంది జమ్ములమ్మ.

"మీ చేతులకు గాయం గిట్ల ఉండెనా?"

ఆమె రెండు చేతులూ ముందుకు చాపి తిప్పి చూపించింది. గీత కూడా లేదు. సాబిర్ ఊపిరి వదిలాడు.

"దాని మూతికి నెత్తురుండెనా?"

జమ్ములమ్మ తడబడింది. "ఉండె, కొంచెం. కడిగిన. పండ్ల నడుమ ఎర్ర దారం పోగు ఇరికుండె, తీసి పారేసిన."

"ఆ నెత్తురు దానిదా, మనిషిదా?"

"నాకేం తెల్వదు."

"ఎవరినో కొరికింది. మీకు అనుమానం ఉన్నది. చెప్తలేరు."

"స్వామి కొరుకుతడా సాయిబూ? పాపం జేసినోణ్ని తప్ప ముట్టడు. కొరికిండని ఎవడన్న నోరిప్పి చెప్పుకుంటడా? చెప్తే ఊర్ల తలెత్తుక తిరుగుతడా?"

సాబిర్‌కు పద్నాలుగు ఇళ్ల జవాబు అప్పుడు అర్థమైంది. ఊరు అబద్ధమాడటం లేదు. ఎవడో ఒకడు సిగ్గుపడుతున్నాడు. దారం పోగును పట్టుకుని వాణ్ని వెతుకుదామంటే, ఆదివారం కోతి అంతిమయాత్రలో సగం మంది మెడల్లో ఎర్రగుడ్డలే ఉన్నాయి.

"మరి అది స్వామేనని అంత నమ్మకం ఎట్ల కుదిరింది?"

జమ్ములమ్మ ముఖం వెలిగింది. "శనివారం నాడు వచ్చింది గద? వచ్చి ఇగో, ఈ అరుగు మీదనే కూసున్నది. అన్ని కోతుల లెక్క ఉరకలే, గుర్రుమనలే. ఎవలు దగ్గరికి పోయినా కుడికాలు ముందలికి చాపుతుండె. మొక్కుమని ఇస్తుండె సాయిబూ! ఊరంత వచ్చి కాళ్లు మొక్కిండ్రు. పసిపిల్లల నెత్తులు ఆనిచ్చిండ్రు. పానం పొయ్యేటప్పుడు గూడ నా దిక్కే కాలు చాపింది."

యమున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అత్తా... అది దీవెన గాదు," అంది చివరికి. "సూది కోసం ఇచ్చింది. నేనే నేర్పిన. కమ్మి మీద రెండుసార్లు కొట్టి 'ఇయ్యి' అంటే కాలు బయటికి ఇస్తది. తొడకు సూదేస్తం. అయినంక ఒక పల్లికాయ చేతుల పెడ్తం. రెండేండ్లు గిదే పని. మనిషి గనవడితే చాలు, కాలియ్యాలనుకున్నది అది. పల్లికాయ ఎవ్వరు పెట్టలే. మల్ల ఇచ్చింది. మల్ల ఇచ్చింది..."

జమ్ములమ్మ అరుగు మీద చతికిలబడింది. సాబిర్ బావుల్లోంచి, రైలు పట్టాల మీంచి శవాలు తీసిన మనిషి. ఏదీ ఇట్లా గుండెకు తగల్లేదు. సూది కోసం చాపిన కాలికి ఊరు ఊరంతా మొక్కింది.

ఊళ్లో ఎవరూ నోరు విప్పకపోవడంతో, కోతి ఎట్లా బయటికొచ్చిందో కంపెనీనే అడుగుదామని మధ్యాహ్నం రెండూ యాభైకి వాళ్లు కోతుల కంపెనీ గేటు ముందున్నారు. ఎదురొచ్చిన మనిషిని చూసి సాబిర్ నవ్వాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. గణేష్! ఆరేళ్లు తన దగ్గరే పని నేర్చుకుని, హైదరాబాదు పోయి పెద్ద డిటెక్టివ్ ఏజెన్సీలో చేరాడు. ఊరివాళ్లు పంపిన ఫొటోలో పచ్చబొట్టు చూసి ఆదివారం యమున కంపెనీకి ఫోన్ చేసి 'పదిహేడోది చచ్చిపోయింది' అని చెప్పగానే, సోమవారం పొద్దున వాళ్లు దింపింది ఇతన్నే.

"సాబిరన్నా! ఇంక పెండ్లి సంబంధాలే చూస్తున్నవా?"

"చూస్తున్న గణేషూ. నీకే ఇంక కుదురుత లేదు."

గణేష్ నవ్వలేదు. ఒక కాగితం చూపించాడు. "ఈ అమ్మాయి పుకార్లు పుట్టిస్తుంది. కంపెనీ పరువు పోతుంది. 'నేను చెప్పింది అబద్ధం, తప్పయింది' అని సంతకం పెట్టమను. లేకుంటే పోలీసు కేసు."

"పదిహేడోది గట్టుల బొందల ఉంది. నా కండ్లతోని పచ్చబొట్టు చూసిన."

"ఫ్లెక్సీల చూసినవ్. గసుంటి నంబరు కంప్యూటర్ల ఎవడన్న రాస్తడు. నేను నిన్ననే లోపల లెక్కపెట్టిన. ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు ఉన్నయి. పదిహేడో బోన్ల పదిహేడోది ఉంది."

"చూపియ్యి మరి."

"చూపిస్తే సంతకం పెట్టిస్తవా?"

"పెట్టిస్త. నువ్వు ఓడిపోతే నేనడిగిన దానికల్ల జవాబియ్యాలె."

యమునను లోపలికి రానివ్వలేదు. ఆమెను గేటు పక్కన సందర్శకుల గదిలో కూర్చోబెట్టారు. సాబిర్, గణేష్ ఒంటి నిండా తెల్లని సూట్లు, మాస్కులు, ముఖానికి ప్లాస్టిక్ అడ్డాలు తగిలించుకుని రెండు తలుపులు దాటి వెళ్లారు. పొడవాటి గది, రెండు వైపులా పన్నెండేసి బోన్లు. చీపురు పట్టుకున్న పనివాడు ఒకడు పక్కకు తప్పుకున్నాడు.

పదిహేడో బోనులో ఎర్రమూతి కోతి. రొమ్ము మీద ఆర్-17. గణేష్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇగో అన్నా. బతికున్నదానికి దినాలు పెట్టిండ్రు మీ గట్టోళ్లు."

సాబిర్ వంగి చూశాడు. అంకెల చుట్టూ చర్మం ఉబ్బి, సన్నగా చెక్కు కట్టి ఉంది. గోడ మీది పట్టిక దగ్గరున్న పెన్ను తీసుకుని పదహారో బోను ముందుకు నడిచాడు. కమ్మి మీద రెండుసార్లు కొట్టాడు.

"ఇయ్యి."

పదహారో కోతి లేచి వచ్చి, సందులోంచి కుడికాలు బయటికి చాపింది.

పద్దెనిమిది దగ్గరికి పోయాడు. టక్ టక్. "ఇయ్యి." కాలు బయటికి వచ్చింది.

పదిహేడు. టక్ టక్. "ఇయ్యి."

కోతి ఎగిరి వెనక గోడకు అంటుకుపోయింది. పళ్లు బయటపెట్టి కీచుమని అరిచింది. ఇంకోసారి కొట్టాడు. బోనంతా గిరగిరా తిరిగింది.

గణేష్ చేతులు విడిపోయాయి. "భయపడ్డది. కొత్తోళ్లను చూసి..."

"పక్కవి భయపడలే గద? దీనికి రెండేండ్ల చదువు నాలుగు రోజులల్ల ఎట్ల మరుపొచ్చింది?" సాబిర్ పనివాడి వైపు తిరిగాడు. "నువ్వెన్ని రోజులాయె వచ్చి?"

"నాలుగు రోజులు సార్. కొత్త ఏజెన్సీ."

"గణేషూ, పాతోళ్లను ఎప్పుడు తీసేసిండ్రు?"

"గురువారం. నలుగురిని ఒక్కసారే."

"కోతుల మొఖాలు గుర్తుపట్టెటోళ్లు యమునతోని కలిపి ఆ నలుగురే. శుక్రవారం ఈ గేట్ల నుంచి ఏం బండి వచ్చింది?"

గణేష్ నిన్న గేటు రిజిస్టరు చదివే ఉన్నాడు. పని నేర్పింది సాబిరే కాబట్టి పనిలో లోటు చేయడు. కొంచెం ఆలస్యంగా, నెమ్మదిగా చెప్పాడు. "కోతుల పట్టే ఎల్లయ్య బండి. పదకొండు ఇరవైకి లోపలికి, ఒంటిగంట ఐదుకు బయటికి. ప్రహరీ మీది ఊరకోతులను పట్టనీకె."

"బోన్లు?"

"ఆరు. గోనెసంచులు కప్పి ఉండె అని రాసిండు వాచ్‌మన్."

"పొయ్యేటప్పుడా?"

"వచ్చేటప్పుడు గూడ." చెప్పిన మాట తనకే వినిపించి గణేష్ ఆగిపోయాడు. పట్టడానికి వచ్చేవాడు ఖాళీ బోన్లతో వస్తాడు. ఖాళీ బోన్లకు గోనెసంచులెందుకు?

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత సాబిర్ ఒకటో బోను నుంచి మొదలుపెట్టాడు. టక్ టక్, ఇయ్యి. మూడు కాళ్లు వచ్చాయి, నాలుగోది రాలేదు. తొమ్మిదోది రాలేదు. పదకొండు రాలేదు. ఇరవై, ఇరవై రెండు రాలేదు. పదిహేడుతో కలిపి ఆరు. మళ్లీ ఒకసారి చివరి నుంచి మొదటికి కొట్టుకుంటూ వచ్చాడు. అవే ఆరు.

"ఈ ఆరు టీకా వేసినవేనా?" అడిగాడు.

గణేష్ గోడ మీది పట్టిక చూశాడు. వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూశాడు. "ఆరు గూడ వేసినవే."

"అంటే టీకా వేసినా ఈ ఆరింటికి వైరస్ అంటింది. వాటిని మాయం జేసి, ఊరకోతులకు నంబర్లు పొడిచి కూసోబెట్టిండ్రు. ఇప్పుడు రక్తం తీస్తే పదహారుకు పదహారు శుభ్రం. టీకా నూటికి నూరు పాళ్లు పాసు!"

గణేష్ ముఖానికున్న ప్లాస్టిక్ అడ్డం మీద ఆవిరి కమ్ముకుంది. "అన్నా, వచ్చే నెల మనుషుల మీద పరీక్ష మొదలు. నాగర్‌కర్నూల్ల వాలంటీర్ల పేర్లు రాసుకుంటున్నరు. మా తమ్ముని పేరు నేనే రాయించిన."

నాలుగూ ముప్ఫై ఐదుకు ముగ్గురూ సందర్శకుల గదిలో ఉన్నారు. యమున విని లేచి నిలబడింది. గణేష్ సంతకాల కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. రిజిస్టరులోంచి రాసుకున్న ఎల్లయ్య నంబరుకు ఫోన్ కొట్టి, అందరికీ వినపడేటట్టు పెట్టాడు.

"ఎల్లయ్యా, శుక్రవారం కంపెనీల ఆరు కోతులిచ్చి ఏం జెయ్యమన్నరు?"

"ఏ కోతులు సారూ?" అంది అవతలి గొంతు.

"నువ్వు చెప్పకపోతే నీ పేరే ముందట రాస్తరు," అన్నాడు సాబిర్.

"చంపి బొంద పెట్టుమన్నరు సారూ." ఎల్లయ్య గొంతు తగ్గించాడు. "ఆంజనేయస్వామిని నేనెట్ల చంపుత? నాకు పిల్లలున్నరు. పట్టుడు వేరు, చంపుడు వేరు. విడిచిపెట్టిన."

"ఆరింటిని గట్టులనేనా?"

"లేదు సారూ. ఒకటి లేవలేకుంటుండె, ఇంటికి కొంచవొయ్యి పాలు తాపుదామనుకున్న. శనివారం గట్టు కాడ తలుపు తీస్తే దుంకి ఉరికింది. కడమ ఐదు మంచిగనే ఉండె. శుక్రవారమే కృష్ణ ఒడ్డున హనుమంతుని గుడి మెట్ల కాడ ఇడిసిన. ఆడ భక్తులు అరటిపండ్లు, కొబ్బరి పెడ్తరు గద. ఆకలికి సావయి, బతుకుతయని..."

దయ తలచి చేసిన పని! సాబిర్ నుదురు పట్టుకున్నాడు. కాలు చాపడం నేర్చిన ఐదు కోతులు, కాలు చాపితే వంగి మొక్కే జనం.

"ఆ గుడికి మంగళారం జాతర లెక్క జనం వస్తరు," అంది యమున పాలిపోయి. "మా నాయిన గూడ..."

ఆమె మాట పూర్తి కాలేదు. సాబిర్ కళ్ల ముందు ఒక చెంబు మెరిసింది. ఎడమచేత్తో ఇచ్చిన నీళ్లు. తువ్వాల కింద దాచిన కుడిచేయి. పువ్వులద్దే రోజుల్లో, రెండు చేతుల వేళ్లతో చేసే పని మానుకుని, పొద్దున పదకొండింటికి అరుగు మీద కూర్చున్న రైతు. ఎర్ర తువ్వాల. ఎర్ర దారం పోగు. తన మతాన్ని చూసి చిన్నచూపు చూశాడని అలిగి, ఎదురుగా ఉన్న జవాబును చెంబుతో పాటు పక్కన పెట్టేశాడు! తనమీద తనకు ఎప్పుడూ రానంత అసహ్యం వేసింది.

"బేటీ, మీ నాయినకు ఫోన్ జెయ్యి. తొందరగ."

నాలుగు రింగులకు బాలన్న ఎత్తాడు. వెనక గుడిగంటలు, జనం కేకలు.

"నాయినా, నిజం చెప్పు. కోతి నిన్ను కొరికిందా?"

"నీకెవలు చెప్పిండ్రు బిడ్డా? శనివారం పొద్దుమూకంగ అరటిపండు తినిపియ్యవోయిన. తువ్వాల కొసతోని కలిపి వేలు పట్టి కొరికిండు. తువ్వాల చుట్టుకున్న. ఎవలికి చెప్పలే. ఏం పాపం జేసిన్నో అని మూడు రోజుల సంది కూడు పోత లేదు. నువ్వు పొద్దుగాల వచ్చినా నీ మొఖం చూడనీకె సిగ్గయింది."

"అది పాపం గాదు నాయినా! నువ్వు ఇప్పుడే గద్వాల దవాఖానకు పో. ఆరు కొట్టక ముందే పోవాలె. నేనొస్తున్న. ఆడ కోతులను ముట్టకు!"

"ఏంది? జర గట్టిగ చెప్పు, గంటలల్ల వినవడ్త లేదు." అతని గొంతులో ఏడుపూ సంతోషమూ కలిసిపోయాయి. "ఇంక పరేషాన్ లేదు బిడ్డా, స్వామికి నా మీద కోపం పోయింది. ఈడ ఒక్క స్వామి గాదు, ఐదుగురున్నరు. మెట్ల మీద కూసొని, పోయినోళ్లకల్ల కాళ్లు చాపుతుండ్రు! జనం లైను గట్టిండ్రు. చంటిపిల్లల తల్లులను ముందుగాల పంపుతున్నం. నా ముందల ఇంక ఇద్దరే ఉన్నరు. ఉంట మల్ల."

"నాయినా, ముట్టకు!" అని యమున అరిచేసరికి ఫోన్ కట్టయింది. మళ్లీ కొట్టింది. రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. గోడ గడియారం నాలుగూ యాభై రెండు చూపిస్తోంది.